పాత కారులో కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: నా దగ్గర 1968 మోడల్ కారుంది, అన్నీ ఒరిజినల్ భాగాలే. కప్పు పెట్టే చోటు లేక ఒళ్లో పెట్టుకుని నడుపుతున్నాను. డాష్‌బోర్డుకి రంధ్రాలు వేసి కప్ హోల్డర్ బిగిస్తానంటున్నాడు మెకానిక్. వేయించమంటారా?

జవాబు: వద్దండీ, ముందు ఆ డ్రిల్లు పక్కన పెట్టించండి. డాష్‌బోర్డుకి ఒకసారి కన్నం పడితే పూడ్చినా తెలిసిపోతుంది, రేపు అమ్మబోతే కొనేవాడి చూపు నేరుగా అక్కడికే పోతుంది. ఆ రోజుల్లో కొన్ని అమెరికన్ కార్లలో గ్లవ్ బాక్స్ మూత లోపల కప్పులకని చిన్న గుంటలు ఉండేవి గానీ, అవి బండి ఆగి ఉన్నప్పుడే పనికొచ్చేవి.

ముందు సీట్ల మధ్య నేల ఉబ్బుగా ఉంటే, దాని మీద జీనులా కూర్చునే చెక్క పెట్టె చేయించుకోండి. అడుగున రబ్బరు షీటు అంటిస్తే జారదు, స్క్రూలతో పనే లేదు. మామూలు కూల్‌డ్రింక్ డబ్బా వెడల్పు సుమారు 66 మిల్లీమీటర్లు, కాబట్టి కన్నం 75 దాకా పెట్టి లోపల చుట్టూ ఫోమ్ పట్టీ వేస్తే కప్పు లొడలొడలాడదు. చెక్క కోయించే ముందు అట్టముక్కతో నమూనా చేసి, రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి, హ్యాండ్‌బ్రేక్ కూడా లాగి చూడండి. మోచెయ్యి తగిలిందా, ఎత్తు తగ్గించాల్సిందే.

కిటికీకి తగిలించే ప్లాస్టిక్ రకం నాకస్సలు నచ్చదు, తలుపు కాస్త గట్టిగా వేశానో లేదో కాఫీ అంతా చొక్కా మీదే. ఈ పెట్టె తయారయ్యేదాకా కాఫీ బండి ఆపాకే తాగండి, ఒళ్లోంచి జారిన కప్పు బ్రేక్ పెడల్ కిందికి దొర్లిందంటే మాత్రం చాలా ప్రమాదం.