టీమ్ కోచింగ్ అంటే ఐదుగురికి కలిపి చెప్పడమా?

ప్రశ్న: ఎంబీఏ (హెచ్ఆర్) రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో రెండు రకాల కోచింగ్ చూశాను. ఒక కోచ్ రెండు వారాలకోసారి ఒక మేనేజర్‌తో తలుపేసుకుని విడిగా మాట్లాడేవారు. ఇంకో కోచ్ ఒక టీమ్ మీటింగ్‌లో ఓ మూల కూర్చుని, పెద్దగా మాట్లాడకుండా ఏదో రాసుకునేవారు. ఒకరికి చేసేదే ఐదుగురికి కలిపి చేస్తే టీమ్ కోచింగ్ అవుతుందా? నాకు ఒకరితో కూర్చుని వినడం బాగానే వచ్చు, పదిమంది ముందు మాట్లాడాలంటే టెన్షన్. ఈ రంగంలోకి రావాలంటే దేన్ని ఎంచుకోవాలి? సర్టిఫికెట్ కోర్సు ఇప్పుడే చేసేయాలా?

జవాబు: మూల కూర్చున్న ఆ కోచ్‌ని ఏం రాసుకుంటున్నారో ఒక్కసారి అడిగి ఉండాల్సింది. సగం జవాబు ఆ కాగితం మీదే దొరికేది.

అలాంటి కాగితం ఒకటి నేను చూశాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక కంపెనీ హెచ్ఆర్‌లో పనిచేస్తున్నప్పుడు, ఏడుగురున్న ఒక ప్రాజెక్టు టీమ్‌కి కోచ్‌ని పెట్టాం. మొదటి సోమవారం మీటింగ్‌లో ఆవిడ కాగితం మీద గుండ్రంగా ఏడు సున్నాలు గీసి, పక్కన పేర్లలోని మొదటి అక్షరాలు వేసుకున్నారు. ఎవరు ఎవరికేసి చూసి మాట్లాడితే ఆ రెండు సున్నాల మధ్య ఒక గీత. నలభై నిమిషాలయ్యేసరికి గీతలన్నీ మేనేజర్ సున్నా దగ్గరే కుప్పపడ్డాయి. పక్కపక్క కుర్చీల్లో ఉన్న డిజైనర్‌కీ టెస్టర్‌కీ మధ్య ఒక్క గీత లేదు. మీటింగ్ చివర్లో ఆవిడ ఆ కాగితం బల్ల మధ్యలో పెట్టి, "నాకు కనిపించింది ఇది. మీకేం కనిపిస్తోంది?" అన్నారు. కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. చివరికి మేనేజరే నవ్వేశారు. "సోమవారం సాయంత్రానికి నాకు తలనొప్పి ఎందుకొస్తోందో ఇప్పుడర్థమైంది."

ఆ ఏడుగురిలో ఎవరిని విడిగా కూర్చోబెట్టి ఎన్ని గంటలు మాట్లాడినా ఆ బొమ్మ బయటపడదు. అది ఏ ఒక్కరిలోనూ లేదు, వాళ్ల మధ్య ఉంది. వ్యక్తిగత కోచింగ్‌లో క్లయింట్ ఒక మనిషి. టీమ్ కోచింగ్‌లో క్లయింట్ ఏడుగురు మనుషులు కాదు, ఒక టీమ్. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా తేడాలన్నీ దాని వెంటే వస్తాయి.

మీరన్న 'ఐదుగురికి కలిపి చేసేది' కూడా నిజంగానే ఉంది. దాన్ని గ్రూప్ కోచింగ్ అంటారు. కొత్తగా మేనేజర్లయిన ఐదుగురు ఐదు డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చి, ఎవరి లక్ష్యం వాళ్లు పెట్టుకుని ఒకే కోచ్ దగ్గర కూర్చుంటారు. సెషన్ అయిపోగానే ఎవరికి వారే యమునా తీరే. టీమ్‌లో అలా కుదరదు, ఒకరి పని ఆగితే పక్కవారిదీ ఆగుతుంది. ఇంటర్వ్యూల్లో ఈ తేడా దగ్గర తడబడినవాళ్లను చాలామందిని చూశాను. ఇక మన దగ్గర కోచింగ్ అనగానే పోటీ పరీక్షల కోచింగే గుర్తొస్తుంది కాబట్టి ఇదీ చెప్పాలి: ఆఫీసు కోచ్ పాఠం చెప్పరు. ప్రశ్నలడుగుతారు, వింటారు, తనకు కనిపించింది చెబుతారు. నేర్పేవారు ట్రైనర్, తన అనుభవంతో దారి చూపేవారు మెంటర్. అందరినీ బయటికి తీసుకెళ్లి ఆటలాడించేది టీమ్ బిల్డింగ్. అది సరదాగానే ఉంటుంది, సోమవారం మీటింగ్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

మరి రెండింట్లో ఏది మేలు? దీనికి ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్ కథ చెబుతాను. పనిలో చురుకు, కానీ ఎవరేం అడిగినా కాదనలేదు. రాత్రి పది దాటితే కానీ లాప్‌టాప్ మూసేది కాదు. కంపెనీ ఆమెకు విడిగా కోచ్‌ని పెట్టింది. రెండు వారాలకోసారి ఒక గంట చొప్పున ఆరు నెలలు. కాదంటే ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న భయం ఎక్కడిదో ఆమె తనే తవ్వి తీసుకుంది, 'ఇవాళ కుదరదు, రేపు ఉదయం చూస్తా' అనడం ప్రాక్టీస్ చేసింది. వ్యక్తిగత కోచింగ్ బాగా చేయగలిగే పని ఇదే. ఒక మనిషి అలవాటు, భయం, ఎదగాలన్న ఆశ, తీసుకోవాల్సిన నిర్ణయం. జాన్ విట్‌మోర్ 1992లో ప్రచారంలోకి తెచ్చిన 'గ్రో' పద్ధతి చాలామంది కోచ్‌లకు మొదటి మెట్టు. ఏం కావాలి, ఇప్పుడెక్కడున్నావు, దారులేమున్నాయి, ఏం చేయబోతున్నావు అని నాలుగు అడుగులు. ఒక మనిషితో అది చక్కగా నడుస్తుంది.

ఆమె మారింది. రాత్రి పది మాత్రం మారలేదు. డెవలపర్లు రిలీజ్ ముందురోజు సాయంత్రం నాలుగింటికి కోడ్ ఇచ్చేవారు. తేదీ ముందే ఖాయం చేసేది సేల్స్ వాళ్లు, ఆ సంగతి డెవలపర్లకు తెలిసేది వారం తర్వాత. ఆమె 'కుదరదు' అంటే ఆ పని ఆమె కింద ఉన్న జూనియర్ నెత్తిన పడేది. సమస్య ఆమె మొహమాటం ఒక్కటే అయితే కోచింగ్‌తో తీరిపోయేది. టీమ్ పని నడిచే తీరే అలా ఉంటే ఒక మనిషిని ఎంత సానబెట్టినా లాభం లేదు. తర్వాత ఆ టీమ్ మొత్తాన్ని కూర్చోబెట్టినప్పుడు కోచ్ వేసిన మొదటి ప్రశ్న చాలా మామూలుది: "రిలీజ్ తేదీ ఎవరు నిర్ణయిస్తారు?" ఆరుగురు నాలుగు జవాబులిచ్చారు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. టీమ్ కోచింగ్ అంటే మనసులు కలపడం, గొడవలు తీర్చడం అనుకుంటారు. ఈ విషయం మీద బాగా పనిచేసిన రిచర్డ్ హాక్‌మన్, రూత్ వేజ్‌మన్ 2005లో రాసిన వ్యాసంలో దీనికి ఎదురు వాదన చేశారు. సంబంధాల మీద కాకుండా టీమ్ తన పని చేసుకునే తీరు మీద, అంటే శ్రమ, వ్యూహం, ఉన్న నైపుణ్యాల వాడకం మీద, దృష్టి పెట్టిన కోచింగే పనికొస్తుందన్నారు. అదను కూడా ముఖ్యమేనన్నారు. మొదట్లో టీమ్‌కి ఊపు కావాలి, మధ్యలో వ్యూహం సరిచూసుకోవాలి, పని ముగిశాక ఏం నేర్చుకున్నామో చూసుకోవాలి. ఆ 'మధ్యలో' అన్నమాట గాల్లోంచి వచ్చింది కాదు. కోనీ గెర్సిక్ అనే పరిశోధకురాలు 1988లో ఎనిమిది టీమ్‌లను మొదటి నుంచి చివరిదాకా గమనించి, గడువు రోజులైనా నెలలైనా సరిగ్గా సగం దాటే వేళకే అవి పాత పద్ధతి వదిలి కొత్త దారి పడుతున్నాయని చూపించారు. వ్యక్తిగత కోచింగ్‌ని ఎప్పుడు మొదలుపెట్టినా ఎంతోకొంత ఫలితం ఉంటుంది. టీమ్‌కి మాత్రం తలమునకలుగా ఉన్నప్పుడు వెళ్లి వ్యూహం గురించి అడిగితే కోచ్‌ని గది బయటికి పంపేస్తారు.

వేజ్‌మన్‌దే ఇంకో పరిశోధన మీరు తప్పక చదవాలి. జిరాక్స్ కంపెనీలో 43 సర్వీస్ టీమ్‌లను పరిశీలించి 2001లో ప్రచురించారు. టీమ్‌ని ఎలా కట్టారన్నదే, అంటే స్పష్టమైన లక్ష్యం, సరైన మనుషులు, నిజంగా కలిసి చేయాల్సిన పని ఉన్నాయా లేదా అన్నదే, కోచింగ్ కంటే ఎక్కువ ప్రభావం చూపిందని తేలింది. బాగా కట్టిన టీమ్‌కి మంచి కోచింగ్ తోడైతే ఇంకా మేలు, పునాదే బాగోలేనిచోట కోచింగ్ పెద్దగా ఆదుకోలేదు. కోచ్‌గా బతకాలనుకునేవారికి ఇది చేదు మాటే. అయినా ఇది తెలిసిన కోచ్‌కి, తెలియని కోచ్‌కి నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. తెలిసినవారు కొన్నిసార్లు 'మీకు కోచ్ అక్కర్లేదు, ముందు ఈ టీమ్‌లో ఎవరెవరు ఉండాలో తేల్చుకోండి' అని చెప్పి డబ్బు వదులుకుంటారు. అలాగే ఒక్కరి వల్లే ఇబ్బంది వస్తుంటే, ఆ మాట అతనితో నేరుగా అనలేక మొత్తం టీమ్‌కి కోచింగ్ పెట్టించే మేనేజర్లుంటారు. అది ఒప్పుకోకండి. అందరికీ అర్థమైపోతుంది, అతనికి తప్ప.

గోప్యత విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త కోచ్‌లు కాలుజారేది ఇక్కడే. వ్యక్తిగత కోచింగ్‌లో డబ్బిచ్చేది కంపెనీ, మాట్లాడేది ఉద్యోగి. అందుకే మొదటే కంపెనీ, ఉద్యోగి, కోచ్ ముగ్గురూ కూర్చుని ఒప్పందం చేసుకుంటారు. లక్ష్యాలేమిటో కంపెనీకి తెలుస్తాయి, గదిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. గీత అక్కడే ఉంటుంది. టీమ్‌లో ఆ గీత ఎక్కడ గీస్తారు? సెషన్ అయ్యాక లిఫ్ట్ దగ్గర ఒకరు ఆపి, "మీకొక్కరికే చెబుతున్నా, అసలు సమస్యంతా మా మేనేజరే" అంటారు. మీరు తలూపారా, ఇక మీరు టీమ్ కోచ్ కాదు, ఒక వర్గం మనిషి. 'అలాగా' అని ఊరుకుంటే ఆ రహస్యం తర్వాతి సెషన్‌లో మీ నోరు కట్టేస్తుంది. తలపండిన కోచ్‌లు మొదటి రోజే చెప్పేస్తారు, నాకు విడిగా చెప్పేదేదైనా టీమ్ ముందుకు రావాల్సిందేనని. లిఫ్ట్ దగ్గర ఆపినవారిని, "ఇది అందరి ముందూ చెప్పాలంటే మీకేం కావాలి?" అని అడుగుతారు. ఒకే టీమ్‌లో మేనేజర్‌కి విడిగా, టీమ్‌కి విడిగా ఒకే కోచ్ పనిచేయొచ్చా అన్నదానిపై ఈ రంగంలో ఏకాభిప్రాయం లేదు. నన్నడిగితే వద్దంటాను, కనీసం మొదటి కొన్నేళ్లు.

మేనేజర్ అదే గదిలో కూర్చుని ఉంటారన్నది ఇంకో చిక్కు. ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేస్తే, బాగా పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసినవి భయం లేకుండా బయటపెడుతున్నారని ఆవిడకు తర్వాత అర్థమైంది. విడిగా మాట్లాడినప్పుడు ఆ ధైర్యం కోచ్ మీద నమ్మకంతో వస్తుంది. టీమ్‌లో అది కోచ్ ఇవ్వలేరు, ఒకరికొకరు ఇచ్చుకోవాలి. కోచ్ మహా అయితే ఎవరూ మాట్లాడని ఆ అరనిమిషాన్ని కంగారుపడి నింపేయకుండా ఉండగలరు.

మీ టెన్షన్‌కి వస్తున్నా. పదిమంది ముందు మాట్లాడటం మీకు కష్టమైతే టీమ్ కోచింగ్‌కి పనికిరారని ఎవరన్నారు? గలగలా మాట్లాడేవారే ఇందులో ఎక్కువ ఇబ్బంది పడతారు. టీమ్ మాట్లాడాల్సిన సమయాన్ని వాళ్లే తినేస్తారు. మీకు వినడం వచ్చు, అది పెద్ద పెట్టుబడే. కాకపోతే ఒక్కరిని వినడం వేరు, ఏడుగురిని ఒకేసారి గమనించడం వేరు. ఒకరు మాట్లాడుతుంటే మూడోవారు కుర్చీ వెనక్కి జరుపుకోవడం, ఐదోవారు ఫోన్ తీయడం కంటపడాలి. ఇది పుస్తకంతో రాదు. అందుకే చాలాచోట్ల టీమ్‌కి ఇద్దరు కోచ్‌లు వెళ్తారు, ఒకరు నడిపిస్తుంటే ఇంకొకరు చూస్తారు. ఆ రెండో కుర్చీ మీలాంటివారు మొదలుపెట్టడానికి మంచి చోటు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదా, టీమ్‌తో ఎక్కువకాలం ఉన్న కోచ్‌కీ అదే గతి పడుతుంది. తెలియకుండానే వాళ్ల జోకులకు నవ్వడం, వాళ్లు దాటేసే విషయాన్ని తనూ దాటేయడం అలవాటవుతుంది. పక్కన ఇంకొకరుంటే ఆ సంగతి చెబుతారు.

ఏది ఎంచుకోవాలంటే, ముందు వ్యక్తిగతం. మొదలుపెట్టడం తేలిక, నేర్చుకునే అవకాశాలు ఎక్కువ, పొరపాటు జరిగితే నష్టం తక్కువ. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ (ఐసీఎఫ్) సర్టిఫికెట్ల మెట్లు కూడా అలాగే ఉన్నాయి. మొదటి మెట్టు ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. తర్వాతి పీసీసీకి 125, 500. ఆపైన ఎంసీసీకి 200, 2,500. టీమ్ కోచింగ్‌కి కావాల్సిన నైపుణ్యాల జాబితాను ఈ సంస్థ 2020లో విడిగా ప్రకటించింది. దానికున్న ప్రత్యేక సర్టిఫికెట్ కావాలంటే ముందు ఈ మూడింటిలో ఒకటి చేతిలో ఉండాలి. చేరే ముందు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ప్రస్తుత నిబంధనలు చూసుకోండి.

ఇప్పుడే చేరాలా అంటే వద్దు. శిక్షణ గంటలు డబ్బు కడితే పూర్తవుతాయి. అనుభవం గంటలకు మాత్రం మీ దగ్గర కూర్చుని మనసు విప్పేవాళ్లు కావాలి, ఉద్యోగమే చేయని ఇరవై రెండేళ్ల కోచ్ దగ్గర ఏ మేనేజర్ మనసు విప్పుతారు? మూడు నాలుగేళ్లు హెచ్ఆర్‌లోనో, అసలు హెచ్ఆర్ కాని పనిలోనో గడపండి. ఒక చెడ్డ మేనేజర్ కింద, ఒక మంచి మేనేజర్ కింద పనిచేయండి. ఉద్యోగం వెతికేటప్పుడు లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ విభాగం ఉన్న సంస్థలను చూడండి, కోచ్‌లతో మాట్లాడేది, వాళ్లను ఎంపిక చేసేది మామూలుగా ఆ విభాగమే.

ఈలోగా ఒక పని చేయొచ్చు. మీ కాలేజీ ప్రాజెక్టు టీమ్‌కి ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాక, తర్వాతి మీటింగ్‌లో సున్నాలు గీసి గీతలు పెట్టండి. చివర్లో కాగితం బల్ల మీద పెట్టి ఆ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. వివరించబోకండి. మీరూ ఆ టీమ్‌లోనే ఉన్నారు కాబట్టి మీకూ ఒక సున్నా గీసుకోండి.