డబ్బు రెడీగా ఉన్నా ఓనరు ధర తగ్గించట్లేదా?

పాలకొల్లు ఇంటికి 42 లక్షలూ లోను లేకుండా కడతామన్నా ఓనరు దిగట్లేదన్నారు. మీరు "డబ్బు రెడీ" అన్నారు గానీ తారీఖు చెప్పినట్టు లేరు. లోను పెట్టేవాళ్ళూ ఆ మాటే అంటారు మరి.

1. "పదిహేను రోజుల్లో రిజిస్ట్రేషన్, అదే రోజు మొత్తం చేతికి" అని చెప్పి, అప్పుడు బేరమాడండి. శాంక్షన్ కోసం ఆగక్కర్లేకపోవడమే మీ బలం.

2. చాలామంది వదిలేసేది ఇదే. లోనైతే బ్యాంకు లాయరు కాగితాలు చూస్తాడు. మీకు ఆయన లేడు, మీరే ఒకర్ని పెట్టుకోండి. 30 ఏళ్ళ ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) ఆయనకి చూపించండి.
ఈసీ క్లీన్‌గా ఉందని ఆగిపోవద్దు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఒక్కోసారి అందులో కనపడదు. ఒరిజినల్స్ కళ్ళతో చూడందే అడ్వాన్సు ఇవ్వద్దు. "భీమవరంలో మా అన్నయ్య దగ్గరున్నాయండీ" అంటే బస్సెక్కి వెళ్ళండి. మా బావ మొహమాటపడి జెరాక్సులతో సరిపెట్టుకున్నాడు, ఏడాది తిరిగాడు.
ఇల్లు కాలువ గట్టు పక్కనైతే స్థలం పోరంబోకు (ప్రభుత్వ భూమి) కాదని, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని ఆస్తుల 22-ఏ నిషేధిత జాబితాలో లేదని చూసుకోండి.

3. నోట్ల కట్టలు వద్దు. 20,000, ఆపైన నోట్లుగా తీసుకుంటే అమ్మినవాళ్ళకి అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. డీడీ, ఆర్టీజీఎస్ చాలు.

లోను లేకపోతే ఎంత మిగులుతుందంటారా? 30 లక్షలకి 8.5 శాతం చొప్పున 20 ఏళ్ళలో వడ్డీయే 32 లక్షలు దాటుతుంది. కాకపోతే ఉన్నదంతా ఇంట్లో పోయకండి, స్టాంపు డ్యూటీకి, ఆరు నెలల ఖర్చుకి పక్కన పెట్టుకోండి.