నెలకి 9 వేలకి అమ్మాయిని హైదరాబాద్ పంపాలా, రెండున్నర లక్షల కోర్సులో చేర్చాలా?

తెనాలి నుంచి ఒక అన్నగారు రాశారు, టైలర్ షాపు ఆయనది. అమ్మాయి 2025లో బీటెక్ కంప్యూటర్స్ పాసయ్యింది, సైబర్ సెక్యూరిటీలోకే వెళ్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఏడాది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా సెలక్ట్ అయ్యింది, స్టైపెండ్ నెలకి 9,000. ఇంకోపక్క ఒక కోచింగ్ వాళ్ళు 2,50,000 కడితే ఆర్నెల్ల కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు, పర్సనల్ లోన్ కూడా వాళ్ళే ఇప్పిస్తారట, 14 శాతం వడ్డీ, మూడేళ్ళు. మూడోది విజయవాడలో కాల్ సెంటర్ ఉద్యోగం, 16,000, ఇంటి నుంచే రోజూ ట్రైన్‌లో వెళ్ళిరావచ్చు. ఆయన దగ్గర లక్షా ఇరవై వేలు ఎఫ్‌డీలో ఉన్నాయి. "9 వేలకి ఆడపిల్లని ఊరు దాటించడం ఏంటి అని చుట్టాలు నవ్వుతున్నారు, మీరేమంటారు" అని అడిగారు.

అన్నగారూ, ముందు లోన్ సంగతి చూద్దాం, ఎందుకంటే నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. రెండున్నర లక్షలు 14 శాతానికి 36 నెలలు అంటే ఈఎంఐ సుమారు 8,545 వస్తుంది, మొత్తం కట్టేది 3,07,600 దాకా, వడ్డీయే 57 వేల పైన. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఈఎంఐ మాత్రం ఆగదు, లోన్ పాప పేరు మీద తీసుకుంటే, రెండు నెలలు తప్పితే సిబిల్ స్కోర్, అంటే అప్పు సరిగా కడతారా అని బ్యాంకులు చూసే మార్కు, పాడయ్యేది కూడా పాపదే. గ్యారంటీ అన్నవాళ్ళని ఒక్క మాట అడగండి, ఉద్యోగం రాకపోతే ఈ లోన్ మీరు కడతామని కాగితం మీద రాసిస్తారా అని.

ఇక అప్రెంటిస్ గురించి, 9 వేలు చిన్నదే, కాదనను. కానీ దాన్ని జీతంలా చూడకండి, ఎదురు డబ్బిచ్చి నేర్పించే కోర్సులా చూడండి. లెక్క వేద్దాం. లేడీస్ హాస్టల్ భోజనంతో 6,500 అనుకుందాం, బస్ పాస్, ఫోన్, సబ్బులు, సాయంత్రం టిఫిన్ అన్నీ కలిపి ఇంకో 4,000, మొత్తం 10,500, అంటే నెలకి మీ చేతి నుంచి 1,500, ఏడాదికి 18,000. అదే పాప కాల్ సెంటర్‌కి వెళ్తే ఇంట్లోనే ఉంటుంది కాబట్టి నెలకి 12,000 దాకా మిగలొచ్చు, ఏడాదికి 1,44,000. ఈ రెండూ కలిపితే 1,62,000, ఈ ఏడాది మీకు నిజంగా పడే ఖర్చు అది. తక్కువేం కాదు, కానీ ఇందులో అప్పు లేదు, వడ్డీ లేదు.

ఇంకో విషయం చుట్టాలకి తెలిసుండదు. ఏడాది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ళని మామూలుగా గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా తీసుకోరు, ఒకసారి అప్రెంటిస్ చేసినవాళ్ళని మళ్ళీ తీసుకోరు. అంటే కాల్ సెంటర్‌లో ఏడాది చేసి తర్వాత చూద్దాంలే అంటే ఈ తలుపు మూసుకుపోతుంది. అప్రెంటిస్ చేశాక కాల్ సెంటర్ కావాలంటే మాత్రం ఎప్పుడైనా దొరుకుతుంది.

అయితే పంపేముందు ఒక్కటి తేల్చుకోవాలి, పాపని ఏ సెక్షన్‌లో వేస్తారు. "కంప్యూటర్ సెక్షన్" అంటే సరిపోదు, ఏడాదంతా ఎక్సెల్ షీట్లు కొట్టించి సర్టిఫికెట్ చేతిలో పెడితే ఆ లక్షా అరవై వేలు నీళ్ళపాలే. ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే దాడుల్ని అడ్డుకునేది) చూసే టీమా, సర్వర్లు చూసే టీమా, లాగ్‌లు (సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) చూసే టీమా అని అడిగి కనుక్కోమనండి. నా క్లయింట్ వాళ్ళమ్మాయి ఒకరు ఇలాగే అప్రెంటిస్ చేసింది, తర్వాత ఇంటర్వ్యూలో ఏం చెప్పావమ్మా అంటే, విండోస్ సర్వర్ లాగ్‌లో ఒక రాత్రి 4625 అనే నంబర్ వరసగా వందలసార్లు కనిపించింది, అంటే తప్పు పాస్‌వర్డ్‌తో లాగిన్ ట్రై చేశారన్నమాట, వాటి చివర ఒకే ఒక్క 4624, అంటే లాగిన్ అయిపోయింది, అది చూసి సార్‌ని పిలిచాను అని చెప్పాను అంది. ఆ ఒక్క సంగతి మీదే ఇరవై నిమిషాలు ప్రశ్నలు అడిగారట. ఇలాంటివి క్లాసులో కూడా చెప్తారు, కానీ నిజం సర్వర్ మీద నిజంగా భయపడిన మనిషి చెప్పినట్టు ఉండదు. ఇలాంటివాళ్ళ అవసరం కూడా గట్టిగానే ఉంది, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగిన సంగతి తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, మరి వాటిని చూసే మనుషులు కావాలి కదా.

లేనివి కూడా చెప్పాలి మీకు. 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్ళు ట్రైనీలే, ఉద్యోగులు కారు, పీఎఫ్ ఉండదు, ఈఎస్‌ఐ ఉండదు, ఏడాది అయ్యాక ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు. అక్కడే పర్మినెంట్ చేస్తారని ఎవరన్నా చెప్తే నమ్మి కూర్చోవద్దు, తొమ్మిదో నెల నుంచే బయట అప్లై చెయ్యడం మొదలుపెట్టాలి. కాంట్రాక్ట్‌లో మధ్యలో మానేస్తే ఏమవుతుందో రాసుంటుంది, సంతకం పెట్టేముందు ఆ పేరా చదవమనండి. ఈఎస్‌ఐ లేదు కాబట్టి పాప పేరు మీద 5 లక్షల హెల్త్ పాలసీ ఒకటి తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్‌టీ కూడా తీసేశారు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, అంటే ప్రమాద బీమా, ఉంటుంది, అదీ పెట్టించండి.

ఎఫ్‌డీలో సగం, అంటే 60,000, పాప కోసం సేవింగ్స్‌లోకి మార్చండి, మిగతా సగం షాపుకీ ఇంటికీ, దాన్ని ముట్టుకోవద్దు. ఎందుకు 60 అంటే, ఏడాది లోటు 18,000, పండగలకి రాకపోకలు ఇంకో పది వేలు, పైగా ఈ 9 వేలలో సగం, 4,500, ప్రభుత్వ వాటా, అది నేరుగా అకౌంట్‌లో పడుతుంది కానీ సంస్థ ఇచ్చే సగంతో పాటే పడుతుందని అనుకోవద్దు, నాలుగు నెలలు లేటయినా తట్టుకునేట్టు 18,000 పక్కన ఉంచాలి, తర్వాత ఎలాగూ వస్తాయి. మిగిలింది హాస్టల్ అడ్వాన్స్, పాలసీ ప్రీమియం, ఇంకా లాప్‌టాప్‌కి ర్యామ్. ర్యామ్ ఖర్చుకి వెనకాడకండి, 8 జీబీ మీద రెండు వర్చువల్ మెషీన్లు (ఒకే లాప్‌టాప్‌లో నడిచే వేరే కంప్యూటర్ల లాంటివి) పెట్టి ప్రాక్టీస్ చెయ్యాలంటే కష్టం, 16 చేయించండి.

సర్టిఫికెట్లకి కంగారుపడి డబ్బులు పొయ్యొద్దు. మొదటి ఆర్నెల్లు లైనక్స్, నెట్‌వర్కింగ్, వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటా చూసే సాఫ్ట్‌వేర్), ఇవన్నీ ఫ్రీగానే నేర్చుకోవచ్చు. సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇచ్చే ఐఎస్‌సీ2 అనే సంస్థ వాళ్ళు 2022లో ఎంట్రీ లెవెల్ సర్టిఫికెట్‌కి ట్రైనింగు, పరీక్ష ఫ్రీగా ఇవ్వడం మొదలుపెట్టారు, అప్లై చేసేటప్పుడు ఇంకా ఇస్తున్నారేమో చూసుకోమనండి, కాకపోతే పాసయ్యాక ఏటా 50 డాలర్లు కట్టాలి, ఈ ముక్క చాలామంది పాసయ్యాకే చూసుకుంటున్నారు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని, జాయినింగ్ తేదీకి ముందే పాపని తీసుకుని బ్యాంకుకి వెళ్ళి అకౌంట్‌కి ఆధార్ సీడింగ్ అయ్యిందో లేదో చూపించుకోండి, లింక్ అయ్యింది అంటే ఆగిపోకండి, డీబీటీకి, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా అకౌంట్‌లో పడడానికి, సీడ్ అయ్యిందా అని అడగండి, రెండూ ఒకటి కావు. టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూడండి. సెక్షన్ గురించి వాళ్ళేం చెప్పారో నాకు రాయండి, అది విన్నాక కాల్ సెంటర్ వాళ్ళకి కాదని చెప్దాం, అప్పటిదాకా ఆ ఆఫర్ వదలొద్దు.