టీచర్ ఉద్యోగం చేస్తూ స్క్రాప్‌బుక్ నడపడం: బడి రోజుల్లో జిగురు ముట్టుకోకండి

టీచర్ గారూ, మీరు అడిగింది ఇది: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉద్యోగం, ఫోన్లో ఎనిమిదేళ్ల ఫొటోలు, అట్టపెట్టెలో పిల్లలిచ్చిన కార్డులు. స్క్రాప్‌బుక్, అంటే ఫొటోలు, కార్డులు అతికించి పక్కన కథ రాసుకునే ఆల్బమ్, మొదలుపెట్టిన ప్రతిసారీ పేపర్లు దిద్దే పని మీద పడి నాలుగో పేజీ దగ్గర ఆగిపోతోంది. పక్కన నాలుగు మాటలు రాద్దామంటే ఏమీ గుర్తుకు రావడం లేదు. టైమ్ ఎలా సర్దుకోవాలి?

టైమ్ కంటే పద్ధతి దగ్గరే చిక్కుంది. దాచడం, రాయడం, అతికించడం అనేవి మూడు వేరు పనులు. ఒకే ఆదివారం కూర్చుని మూడూ చేయబోతే ఫొటోలు వెతకడానికే రెండు గంటలు పోతాయి. బల్లంతా కాగితాలు పరిచాక సోమవారం పాఠం గుర్తొస్తుంది, అన్నీ మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతాయి. దాచడం రోజూ ఐదు నిమిషాలు, రాయడం వారానికి అరగంట, అతికించడం సెలవుల్లో మాత్రమే. ఈ విభజన ఒక్కటి పాటిస్తే ఏడాదికి 24 పేజీలు, అంటే 12 షీట్లు, తేలిగ్గా పూర్తవుతాయి.

లెక్క ఇలా వేసుకోండి. ఫొటోలు ప్రింటై, రాత సిద్ధంగా ఉంటే ఒక పేజీకి 40 నిమిషాలు పడుతుంది. రెండు గంటలు కూర్చుంటే మూడు పేజీలు. సంక్రాంతికి రెండుసార్లు కూర్చుంటే ఆరు, వేసవిలో ఆరుసార్లు కూర్చుంటే పద్దెనిమిది. దసరా సెలవులు అతికించడానికి కాదు, ఫొటోలు ఏరి ప్రింట్లకు ఇవ్వడానికి. తెలంగాణలో దసరాకు, ఆంధ్రలో సంక్రాంతికి ఎక్కువ రోజులొస్తాయి కాబట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. అయితే జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం జిగురు సీసా మూత తీయకండి. కోస్తాలో ఉంటే అక్టోబరు, నవంబరు కూడా కలుపుకోండి. వానాకాలపు తేమకు కాగితం ఉబ్బి ఉంటుంది, ఆ స్థితిలో అతికించింది ఎండలొచ్చాక బిగుసుకుని వంకర్లు పోతుంది. ఫ్యాన్ కింద ఆరబెట్టినా లోపలి తడి పోదు. మన అదృష్టం కొద్దీ ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు, పేపర్లు దిద్దడాల రద్దీ కూడా కొంత ఆ నెలల్లోనే పడుతుంది.

రోజువారీ ఐదు నిమిషాలకు కావలసినవి పన్నెండు పెద్ద కవర్లు. జూన్ నుంచి ఏప్రిల్ దాకా నెలకొకటి, వేసవికొకటి. కవరు మీద నెల, తరగతి రాసి ఒక ఫైల్ డబ్బాలో నిలువుగా పెట్టండి. ఆ రోజు చేతికొచ్చిన కాగితం ముక్క వెనక పెన్సిలుతో తేదీ, ఇచ్చిన వాళ్ల పేరు రాసి కవర్లో వేయడమే పని. తేదీ లేని ముక్క రెండేళ్ల తరవాత ఎందుకూ పనికిరాదు. లామినేషన్ ఫొటో పేపరు మీద పెన్సిలు పట్టదు, దానికి సీడీల మీద రాసే సన్న మార్కరు వాడి, సిరా ఆరేదాకా విడిగా ఉంచండి. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు గీత తేలుతుంది.

కవర్లో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. పుట్టినరోజు చాక్లెట్ కాగితం తడిగుడ్డతో తుడిచి ఆరాకే వేయాలి, లేకపోతే చీమలు మొత్తం ఆల్బమ్‌ని పట్టుకుంటాయి. టీచర్స్ డే నాటి బంతిపువ్వు పువ్వులా ఉండగా పెడితే బూజు ఖాయం. రేకలు విడదీసి, రెండు న్యూస్‌పేపర్ల మధ్య బరువు కింద మూడు వారాలు ఉంచి, కాగితం మధ్యలో రెండుసార్లు మార్చాలి. చమ్కీలు అతికించిన గ్రీటింగు కార్డుని ఫొటోకి ఎదురుగా పెట్టకండి, గీతలు పడతాయి. గుండుసూది, స్టేప్లరు పిన్ను, రబ్బరు బ్యాండు ముందే తీసేయండి. మొదటి రెండూ తుప్పు మరక చేస్తాయి, మూడోది కరిగి అంటుకుంటుంది. ఎక్స్‌కర్షన్ నాటి ఆర్టీసీ టికెట్ టిమ్, అంటే కండక్టరు చేతిలోని టికెట్ మిషన్, నుంచి వచ్చిందైతే అది వేడికి నల్లబడే కాగితం, ఏడాది రెండేళ్లలో అక్షరాలు ఎగిరిపోతాయి. వారంలోపు జిరాక్స్ తీయించి ఆ నకలే అతికించండి. జిరాక్స్ టోనరు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

జవాబు పత్రాలు, మార్కుల జాబితాలు, హాజరు పట్టీ కాగితాలు ఎంత ముచ్చటగా ఉన్నా ముట్టుకోవద్దు, అవి బడివి. పిల్ల రాసిన వ్యాసం నచ్చితే వాళ్లని అడిగి జిరాక్స్ తీసుకోండి.

వారానికో అరగంట రాత పని. ఫోన్లో ఆ వారపు ఫొటోల్లో మూడే ఉంచి, మిగతావి వేరే ఫోల్డర్లోకి పంపండి. మూడు ఎంచలేకపోతే మీ దగ్గర ఉన్నవన్నీ గ్రూప్ ఫొటోలేనేమో చూసుకోండి. మన బడుల్లో కెమెరా బయటికొచ్చేది ఆగస్టు 15, సెప్టెంబరు 5, నవంబరు 14, జనవరి 26, ఇంకో నాలుగు పండగలకి. ఏడాదిలో మిగతా రెండొందల రోజుల ఆనవాలు ఉండదు. సాయంత్రం గంట కొట్టాక నల్లబల్ల, మధ్యాహ్న భోజనం దగ్గర వరసగా పెట్టిన పళ్లేలు, వాన రోజు వరండాలో ఆరేసిన గొడుగులు తీసి పెట్టుకోండి. పిల్లల ముఖాలు లేని ఫొటోలతో ఎక్కడా ఇబ్బంది రాదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో ఒక చిక్కు ఉంది. మామూలుగా పంపితే అది పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లుంటే నిండుగా వస్తుంది కాబట్టి ఆ సైజుకు ఎలాగో సరిపెట్టుకోవచ్చు, 8×10 మాత్రం చెదురుతుంది. తోటి టీచర్లను డాక్యుమెంటుగా పంపమనండి. ప్రింట్లు కలర్ ల్యాబ్‌లో వేయించండి. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి చెయ్యి పడితే రంగు కారుతుంది.

ఇక కథ. మీకు గుర్తు రాకపోవడానికి కారణం ఫొటో ముందు పెట్టుకుని రాయబోవడం. ఫొటోలో కనిపించేదే మళ్లీ రాస్తారు: అందరూ నవ్వుతున్నారు, మరువలేని రోజు, మధుర స్మృతి. అలాంటి మాట ఏ పేజీలో పెట్టినా నప్పుతుంది, అందుకే ఏ పేజీకీ పనికిరాదు. ఫోన్లో వాయిస్ రికార్డరు తెరిచి, బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు ఒక్క నిమిషం చెప్పండి: ఇవాళ ఎవరు ఏమన్నారు, నేను ఏం పొరబడ్డాను, ఫొటోలో లేనిదేమిటి. ఈ మూడే. “టీచర్, మా మేక ఈనింది, రేపు రాను” అన్న మాట యాసతో సహా అలాగే ఉండాలి. దాన్ని పుస్తక భాషలోకి దిద్దారంటే కథ పోయినట్టే. దిద్దే అలవాటు మన వృత్తిలోనే ఉంది, ఇక్కడ ఎర్ర పెన్ను పక్కన పెట్టాలి.

ఆదివారం ఆ రికార్డులు విని, ఒకటి ఎంచి వంద మాటల్లో రాయండి. వందే ఎందుకంటే ఏ4 కాగితంలో సగానికి, 8 మిల్లీమీటర్ల గీతల మీద సుమారు 17 వరసలు పడతాయి, తెలుగు చేతిరాతలో వరసకి ఆరు మాటలు. పై సగంలో ఒక 4×6 ఫొటో అడ్డంగా కూర్చుంటుంది. రెండు సంఘటనలు ఒకే పేజీలో ఇరికించకండి. వాయిస్ టైపింగు వాడితే మాండలికాన్ని, పేర్లను అది తన ఇష్టం వచ్చినట్టు మారుస్తుంది, అదే రోజు సరిచేయకపోతే అసలు మాట ఏమిటో మీకే తెలియదు. ఇంగ్లీషు, తెలుగు ఎలా కలిసి మాట్లాడతారో అలాగే రాయండి, అందులో నామోషీ లేదు.

సామాను విషయానికొస్తే, దుకాణంలో దొరికే అంటుడు ఆల్బమ్‌లు, అంటే పైన ప్లాస్టిక్ పొర లేపి ఫొటో పెట్టే రకం, కొనకండి. ఆ జిగురు పసుపెక్కి ఫొటోను వదలదు. 250 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఐవరీ కార్డు ఏ4 షీట్లు, రింగ్ ఫైలు తీసుకోండి. ఆమ్లం లేనిదని (యాసిడ్ ఫ్రీ) రాసి ఉన్న షీట్లు దొరికితే ఇంకా మంచిది. 140 జీఎస్ఎమ్ డ్రాయింగ్ షీటు ఫొటో బరువుకు వంగుతుంది. కుట్టిన పుస్తకం వద్దు, ఎందుకంటే పదో పేజీకే నోరు తెరుచుకుని ఇక మూసుకోదు. రింగు ఫైల్లో ఆ బాధ లేదు, తప్పు చేసిన పేజీ ఒక్కటే తీసేయొచ్చు కూడా. ప్లాస్టిక్ కవర్లు కొంటే పాలీప్రొపిలీన్ రకం అడగండి. కొత్త రెక్సిన్ వాసన వేసేవి పీవీసీవి, వాటిలో ఫొటో నిలవదు.

ఫెవికాల్‌లో నీరుంటుంది, ఫొటో వెనక పూస్తే కాగితం ముడతలు పడుతుంది. గ్లూ స్టిక్ రెండు వేసవులకు ఊడుతుంది. సెలోటేపు మరక చేస్తుంది. మైదా ఉడికించిన జిగురు పురుగుల్ని పిలుస్తుంది, బైండింగువాళ్లు అందుకే దాంట్లో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పైగా కాగితాన్ని తింటుంది, పిల్లలున్న ఇంట్లో అసలొద్దు. అన్నిటికన్నా నమ్మకమైనది ఫొటో మూలలు. ఇంట్లోనే చేసుకోవచ్చు: 2.5 × 1.25 సెంటీమీటర్ల కాగితం ముక్క తీసుకుని, రెండు పై మూలల్ని కింది అంచు మధ్యకు మడిస్తే త్రికోణం వస్తుంది. మడతలున్న వైపు కిందికి పెట్టి ఫొటో మూలకు తొడిగి, ఆ త్రికోణం అడుగున మాత్రమే ఒక చుక్క జిగురు రాసి పేజీకి అంటించండి. ఫొటోకు జిగురు తగలదు, ఎప్పుడైనా తీయొచ్చు. నాలుగు మూలలకీ ఐదు నిమిషాలు.

అమెరికన్ రచయిత మార్క్ ట్వెయిన్ 1873లో ముందే జిగురు పూసిన స్క్రాప్‌బుక్‌కి పేటెంటు తీసుకున్నాడు, తడిపి అతికిస్తే చాలు. మన వానాకాలంలో అయితే ఆ పేజీలు తడపకుండానే ఒకదానికొకటి అంటుకునేవి.

స్కెచ్ పెన్ను రాతలు వెలిసిపోతాయి. పిగ్మెంట్ సిరా ఉన్న 0.3 లేదా 0.5 మిల్లీమీటర్ల సన్న పెన్ను ఒకటి కొంటే ఏడాది వస్తుంది. మొదట పెన్సిలుతో రాసి, దాని మీద సిరా వేసి, గంట ఆగాక రబ్బరు పెట్టండి. తొందరపడితే మొత్తం పాముతుంది.

ఆల్బమ్‌ని బీరువా అడుగు అరలో, గోడకి ఆనించి పెట్టకండి, తేమ అక్కడే చేరుతుంది. మధ్య అరలో నిలువుగా పెట్టి, ఎండిన వేపాకు ఒక పలుచని గుడ్డ సంచిలో వేసి పక్కనుంచండి. కలరా ఉండలు అదే అరలో వద్దు. నెలకోసారి తెరిచి పేజీలు తిప్పితే పుస్తకాలు తినే వెండిరంగు పురుగులు కాపురం పెట్టవు.

పిల్లల గురించి ఒక జాగ్రత్త. ఇంట్లో సొంతానికి ఉంచుకునే ఆల్బమ్ వేరు, దాన్ని ఫోన్లో ఫొటో తీసి నలుగురికి పెట్టడం వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. సొంతానికి ఉంచుకునేది ఆ చట్టం పరిధిలోకి రాదు. అయినా ఇంటి గొడవలు, అప్పులు, జబ్బులు మీతో చెప్పుకున్న పిల్లల విషయం రాసేటప్పుడు అసలు పేరు పెట్టకండి, ఆల్బమ్ ఎవరి చేతికైనా వెళ్లొచ్చు. చేసిన ఆల్బమ్‌లు అమ్మాలన్న ఆలోచన ఉంటే, ప్రభుత్వ టీచరుకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి, ముందు అనుమతి తీసుకోండి.

పదో తరగతి పరీక్షల డ్యూటీ, స్పాట్ వాల్యుయేషన్ నడిచే వారాల్లో కవర్లో వేయడం తప్ప ఇంకేదీ చేయకండి, ఆదివారం అరగంట కూడా మానేయండి. ఆగిపోయిన రాతని తరవాతి వారం రెట్టింపు చేయబోవద్దు, సంకల్పం అక్కడే తెగుతుంది.

ఎనిమిదేళ్ల పాత పెట్టె సంగతి: దాన్ని ఇప్పుడు తెరవకండి. బడులు తెరిచే జూన్ 12 నుంచి మొదలుపెట్టి కొత్త ఏడాదిని ముందు నడపండి. వేసవిలో ఒక పాత సంవత్సరం తీసి, పది ఫొటోలు, మూడు కాగితాలు ఎంచి నాలుగు పేజీల్లో ముగించండి. తేదీలు తెలియనివి అప్పటి తోటి టీచరుకు చూపించి అడగండి. వాళ్లు చెప్పినప్పుడు రికార్డరు ఆన్‌లో ఉంచడం మరిచిపోవద్దు, అడిగి మరీ.