నెపం విమానం మీద నెట్టకు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరింది. ఏకబిగిన చదివించావు, సంతోషం. కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఒంటి ఇంజన్ బాంబర్ ఫెయిరీ బ్యాటిల్‌ని పేజీకోసారి 'ఎగిరే శవపేటిక' అన్నావు చూడు, అక్కడే ఒళ్లు మండింది. చెత్త విమానాల జాబితాలు అల్లే వాళ్లంతా ఒకరి దగ్గర ఒకరు ఎత్తుకొచ్చి వాడుతున్న మాట అది. ఇప్పుడదో ఫ్యాషన్.

యంత్రాన్ని తిడుతూ కూర్చుంటే దాన్ని పంపినవాడు చల్లగా జారుకుంటాడు. యుద్ధం గురించి రాసే ఎవరికైనా నేను చెప్పేది ఇదొక్కటే.

1940 మే 10న జర్మన్ దండు మీదికి 32 బ్యాటిల్స్ వెళ్తే 13 తిరిగి రాలేదని రాశావు. నిజమే. ఎంత ఎత్తులో వెళ్లాయో రాయలేదేం? 250 అడుగులు. రోడ్డు మీద లారీలో కూర్చున్న సిపాయి తుపాకీ ఎత్తినా తగిలే ఎత్తు. అదీ పట్టపగలు, వెన్నంటి కాచే ఫైటర్లు లేకుండా. మే 14న ఫ్రాన్స్‌లోని సెడాన్ వంతెనల మీదికి 63 వెళ్తే 35 పోయాయి. ఆ తర్వాత వాటినే చీకట్లో పంపడం మొదలెట్టాక నష్టాలు బాగా తగ్గాయి. విమానం మారలేదు, వేళ మారింది. ఇంకో సంగతి. మే 17న బెల్జియంలోని గెంబ్లూ దగ్గరికి 12 బ్లెన్‌హైమ్ బాంబర్లు వెళ్లి 11 పోగొట్టుకున్నాయి. రెండింజన్ల విమానం అది. దాన్నేమంటావు మరి?

బ్యాటిల్ గొప్పదని నేననను. హరికేన్ ఫైటర్‌కున్న మెర్లిన్ ఇంజనే దీనికీ. అక్కడ మోసేది ఒక్క మనిషిని, ఇక్కడ ముగ్గురినీ వెయ్యి పౌండ్ల బాంబులనీ. ముందుకి కాల్చడానికి ఒక తుపాకీ, వెనక్కి ఒకటి. బాంబులు వేసేవాడు కాక్‌పిట్ కింద బోర్లా పడుకుని, నేలలో ఉన్న తలుపు జరిపి గురి చూడాలి. ఇవన్నీ లండన్‌లో పైవాళ్లకి ముందే తెలుసు. అయినా చేయిస్తూనే పోయారు. దాని బదులు ఇంకోటి సిద్ధంగా లేదు, ఫ్యాక్టరీలు ఖాళీగా ఉండకూడదు, జర్మనీతో విమానాల లెక్క సరిపోవాలి. మొత్తం రెండు వేల పైచిలుకు తయారయ్యాయి.

ఈ ఫ్యాక్టరీల పేరా నేనెప్పుడో ఒక వారపత్రికకి రాసిస్తే సంపాదకుడు మొత్తం కొట్టేశాడు. 'పాఠకుడికి మంటలు కావాలండీ, టెండర్లు కాదు' అన్నాడు. పేరా తగ్గింది కదాని పారితోషికంలోనూ కోత పెట్టాడు. ఆ డబ్బుతో ఇంటద్దె కట్టాల్సిన నెల అది.

అసలు నేనీ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. మే 12న బెల్జియంలో ఆల్బర్ట్ కాలువ వంతెనల మీదికి బ్రిటిష్ వైమానిక దళం 12వ స్క్వాడ్రన్ నుంచి అయిదు బ్యాటిల్స్ వెళ్లాయి. జర్మన్లు వంతెనలు పట్టుకుని అప్పటికే రెండు రోజులు, చుట్టూ ఫిరంగులు దించేశారు. వెల్డ్‌వెజెల్ట్ వంతెన దగ్గర పైలట్ గార్లాండ్ విమానం కూలింది. అతనికి 21 ఏళ్లు. అతనికీ, దారి చూపే అబ్జర్వర్ గ్రేకీ బ్రిటన్‌లో అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. వాళ్ల వెనక, ఆ ఒక్క తుపాకీ దగ్గర, 20 ఏళ్ల లారెన్స్ రేనాల్డ్స్ కూర్చున్నాడు. అదే విమానం, అదే చావు. అతనికి ఏ పతకమూ లేదు. నువ్వేమో 'మరో సిబ్బంది' అని తేల్చేశావు! పతకాలిచ్చిన వాళ్లు చేసిన పనే నువ్వూ చేశావు. ముందు ఆ పేరు పెట్టు, మిగతా దిద్దుబాట్లు ఆ తర్వాత.

శీర్షిక మార్చాలా, ఏ పత్రికకి పంపాలి అని ఏవేవో అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

కెనడా ముక్క మాత్రం పెంచు. అక్కడ వందల కొద్దీ బ్యాటిల్స్ శిక్షణకి పనికొచ్చాయి. పసుపూ నలుపూ చారలేసుకుని, వెనక గుడ్డ గురిని లాగుతూ తిరిగితే గన్నర్లు ఆ గుడ్డ మీద కాల్చి నేర్చుకున్నారు. తిరగరాసి సంక్రాంతి లోపు పంపు. పండగయ్యాక నాకు కంటి ఆపరేషన్, కొన్నాళ్లు చదవనివ్వరు.