పీఎస్5లో 30కీ 60కీ తేడా తెలుస్తుందా? 120 కోసం టీవీ మార్చాలా?

తెలుస్తుంది. కానీ 120 కోసం ఇప్పుడే టీవీ మార్చొద్దు.

మిర్యాలగూడలో ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ ఉంది, అది 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది), కొత్తగా సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5 తీసుకుంటున్నాను, ఈ ఫ్రేమ్ రేట్ (ఆట సెకనుకు ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, ఇస్తుందనే లెక్క) గోలంతా నిజమా లేక యూట్యూబ్ వాళ్ల హడావిడా అని అడిగారు మీరు. మహబూబ్‌నగర్‌లో మా దోస్తు గేమింగ్ సెంటర్ నడిపినన్నాళ్లూ నా సాయంత్రాలన్నీ అక్కడే గడిచాయి. ఇప్పుడు ఇంట్లో పీఎస్5 ఉంది. ఈ రెండు చోట్లా చూసిందే చెప్తాను.

"మనిషి కంటికి 24 ఫ్రేములు చాలు, సినిమాలు అంతే కదా" అనేవాళ్లు మీకు ఎలాగూ తగులుతారు. సినిమా కెమెరా తీసే ప్రతి ఫ్రేములో కదలిక వల్ల వచ్చే మసక కొంత కలిసే ఉంటుంది, అందుకే 24 కూడా సాఫీగా అనిపిస్తుంది. పైగా సినిమాలో మీరు చేసేదేమీ లేదు, కూర్చుని చూడటమే. ఆటలో కెమెరాను తిప్పేది మీ బొటనవేలు. కాబట్టి తేడా కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది.

లెక్క ఇది. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములో. 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకండ్లు ఉంటుంది, 60లో 16.7, 120లో 8.3. మీరు బటన్ నొక్కాక ఆట దాన్ని చదివి, లెక్క వేసి, బొమ్మ గీసి బయటికి పంపేసరికి మూడు ఫ్రేములు పట్టిందనుకోండి. 30లో అది 100 మిల్లీసెకండ్లు, 60లో 50. టీవీ చేసే ఆలస్యం దీనిమీద అదనం. 30 నుంచి 60కి వెళ్తే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకండ్లు కలిసొస్తాయి, 60 నుంచి 120కి వెళ్తే 8.3 మాత్రమే. మొదటి మెట్టు ఎవరికైనా తెలుస్తుంది. రెండో మెట్టు షూటింగ్ ఆటలు రోజూ ఆడేవాళ్లకు తెలుస్తుంది, మిగతావాళ్లకు చెప్తే తప్ప తెలియదు. నాకైతే పక్కపక్కన పెట్టి చూపిస్తే తెలిసింది, విడిగా ఆడితే మర్చిపోయాను.

మొదటి మెట్టు ఎలా ఉంటుందో నాకు 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా'లో బాగా అర్థమైంది. పీఎస్4లో అది 30. శత్రువు కత్తి ఎత్తి దించే క్షణంలో కంట్రోలర్ మీది ఎల్1 బటన్ నొక్కి అడ్డుకోవాలి, కాస్త ముందైనా వెనకైనా దెబ్బ పడుతుంది. ఈటె పట్టుకున్నవాళ్లతో నాకు ఎప్పుడూ ఇబ్బందే, ఈటె కదిలింది చూసి నొక్కేలోపే గుచ్చుకునేది. అదే డిస్క్ పీఎస్5లో వేస్తే 60లో నడుస్తుంది. బొమ్మ అందంలో పెద్ద మార్పేమీ లేదు. కానీ ఈటె వెనక్కి వెళ్లడం, ఆగడం, ముందుకు రావడం మూడూ విడివిడిగా కనిపించడం మొదలైంది. చేయి దానంతట అదే కుదురుకుంది.

ఇక మీ టీవీ విషయం. గేమింగ్ సెంటర్‌లో రెండు టీవీలు పక్కపక్కనే ఉండేవి. ఎడమవైపుది పాతది, చిన్నది. కుడివైపుది కొత్తది, పెద్దది. ఫిఫా ఆడటానికి వచ్చే ఇంటర్ పిల్లలు మాత్రం ఎడమ టీవీ కోసమే కొట్లాడుకునేవాళ్లు. కుడి టీవీ దగ్గర ఎవరు కూర్చున్నా ఒకటే ఫిర్యాదు: "అన్నా, ఈ కంట్రోలర్ ఖరాబైంది. నేను పాస్ కొడితే ప్లేయర్ ఆగి ఆగి ఇస్తుండు." మా దోస్తు కంట్రోలర్ మార్చి ఇచ్చేవాడు, మళ్లీ అదే ఫిర్యాదు. రెండు టీవీల మీదా ఆట అదే, పీఎస్4 అదే, రెండు చోట్లా 60 ఎఫ్‌పీఎస్సే. తీరా చూస్తే కుడి టీవీలో పిక్చర్ మోడ్ 'వివిడ్'లో ఉంది, మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంది. అది రెండు ఫ్రేముల మధ్య ఒక ఫ్రేమును తనే తయారుచేసి పెడుతుంది. అలా తయారుచేయాలంటే తర్వాతి ఫ్రేము చేతికి వచ్చేదాకా ఆగాలి కదా, ఆ ఆగడమే పిల్లలకు కంట్రోలర్ ఖరాబైనట్టు అనిపించింది. ఇలాంటి పనులన్నీ ఆపేసే గేమ్ మోడ్ పెట్టాం. రంగులు కాస్త వెలిసినట్టు కనిపించాయి, కంట్రోలర్ బాగైపోయింది!

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని టీవీలో గేమ్ మోడ్ పెట్టడం. ఏఎల్ఎల్ఎం అనే సౌకర్యం ఉన్న టీవీలైతే కన్సోల్ ఆన్ కాగానే అవే ఆ మోడ్‌లోకి వెళ్తాయి. లేకపోతే రిమోట్‌తో మీరే మార్చాలి, ఆట అయ్యాక తిరిగి మార్చడం మర్చిపోవద్దు. మా ఇంట్లో నేను మర్చిపోయిన రోజు సీరియల్ టైమ్‌కి అమ్మ మొదలుపెడుతుంది, "టీవీకి ఏం చేసినవ్‌రా, అందరి మొఖాలు పాలిపోయినయ్" అని.

రెండో పని పీఎస్5 సెట్టింగ్స్‌లో. 'సేవ్డ్ డేటా అండ్ గేమ్/యాప్ సెట్టింగ్స్' లోపల 'గేమ్ ప్రీసెట్స్' ఉంటుంది. అందులో పర్ఫార్మెన్స్ మోడ్, రెజల్యూషన్ మోడ్ అని రెండు దారులు. పర్ఫార్మెన్స్ ఎంచుకోండి. దాన్ని పట్టించుకునే ఆటలు మొదటిసారి తెరిచినప్పుడే 60లో మొదలవుతాయి, మిగతావాటికి ఆట మెనూలోకి వెళ్లి మార్చుకోవాలి. దీనివల్ల బొమ్మ వివరం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ మన హాల్లో సోఫా నుంచి టీవీకి ఎనిమిది అడుగులైనా ఉంటుంది. అంత దూరం నుంచి 43 అంగుళాల తెర మీద పూర్తి 4కే ఏది, దానికన్నా కొంచెం తక్కువది ఏది అని చెప్పగలిగేవాళ్లను నేను చూడలేదు. ఇలా ఎంచుకునేది మనం మాత్రమే కాదు. 2024లో పీఎస్5 ప్రోను పరిచయం చేస్తూ సోనీ తరఫున, దాని రూపకర్త మార్క్ సెర్నీ చెప్పింది కూడా అదే, మోడ్ ఎంచుకోమంటే ఆటగాళ్లు నాలుగింట మూడు వంతులు పర్ఫార్మెన్స్ వైపే వెళ్తున్నారని. (ఆ ప్రో విడుదలైనప్పుడు ఇండియాకు రాలేదు. దాని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ఇక్కడ అప్పటికి అనుమతి లేదు.)

అన్ని ఆటలకూ 60 ఒకేలా అవసరం లేదు. ఎఫ్‌సీ (ఒకప్పటి ఫిఫా), గ్రాన్ టురిస్మో 7, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటివి 60 లేకుండా ఊహించలేం, అవి ఎలాగూ 60లోనే వస్తాయి. ఫైటింగ్ ఆటల్లోనైతే దెబ్బలను కొలిచేదే ఫ్రేములతో. టెక్కెన్ 8లో మామూలు జాబ్ (చిన్న పిడిగుద్దు) 10 ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. వంతులవారీగా ఆడే ఆటల్లో, నింపాదిగా కథ చదువుకుంటూ పోయే ఆటల్లో 30 ఉన్నా నాకు లోటనిపించదు.

సంఖ్య కన్నా నిలకడ ముఖ్యమనేది చాలామంది చెప్పరు. మీ 60 హెర్ట్జ్ టీవీ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. 30 ఎఫ్‌పీఎస్ ఆటలో ఒక్కో ఫ్రేము సరిగ్గా రెండేసి సార్లు కనిపిస్తుంది, లెక్క సమంగా కుదురుతుంది. ఆట 45లో నడిస్తే కొన్ని ఫ్రేములు ఒకసారి, కొన్ని రెండుసార్లు కనిపిస్తాయి. కాగితం మీద 45 పెద్దది, కంటికి మాత్రం కుదుపు. ఒకే వేగంతో పోయే పల్లెవెలుగు బస్సులో కునుకు పడుతుంది, ఊరూరికీ బ్రేకు వేస్తే పట్టదు, అలాంటిదే ఇది. పీఎస్4లో 'బ్లడ్‌బోర్న్'కు వచ్చిన చెడ్డపేరు 30 వల్ల మాత్రమే కాదు, ఆ 30 కూడా సమంగా పడకపోవడం వల్ల. 'ఎల్డెన్ రింగ్' ఆడే ఉద్దేశం ఉంటే ఒక కిటుకు చెప్తాను: దాని పీఎస్5 వెర్షన్ పర్ఫార్మెన్స్ మోడ్‌లో కూడా 60 నిలబెట్టుకోలేదు, కానీ పీఎస్4 వెర్షన్‌ను పీఎస్5లో వేసుకుంటే 60 దాదాపు కదలదు. గడ్డీ గాదం కొంచెం పల్చగా ఉంటుంది, అంతే.

మరి అన్నీ 60లోనే ఎందుకు చేయరు? బొమ్మ గీసే చిప్ మీద భారం ఎక్కువైతే రెజల్యూషన్ తగ్గించి తప్పించుకోవచ్చు. కానీ ఊళ్లో వందమంది తిరుగుతుంటే ఎవరు ఎటు పోవాలి, ఎవరు ఎవర్ని గుద్దుకోవాలి అని లెక్కలు వేసేది సీపీయూ, అంటే కన్సోల్ మెదడు లాంటి ఇంకో చిప్. రెజల్యూషన్ ఎంత తగ్గించినా ఆ లెక్కలు తగ్గవు. 2024లో వచ్చిన 'డ్రాగన్స్ డాగ్మా 2' అడవిలో ఓ మాదిరిగా నడిచి పట్నంలోకి రాగానే నీరసపడేది ఇందుకే. 'బాల్డర్స్ గేట్ 3' మూడో అంకంలో పెద్ద నగరం వచ్చాక తడబడిందీ ఇందుకే. జీటీఏ 5 సంగతే చూడండి. 2013లో పీఎస్3లో 30, 2014లో పీఎస్4లో కూడా 30, సీపీయూ గట్టిగా ఉన్న పీఎస్5కి 2022లో వచ్చాకే 60 అయింది.

120 హెర్ట్జ్ టీవీకి అసలు లాభం 120 ఎఫ్‌పీఎస్ కాదని నా అభిప్రాయం. అంత వేగంగా నడిచే కన్సోల్ ఆటలు కొన్నే, అవి కూడా బొమ్మను బాగా తగ్గించుకుని నడుస్తాయి. దానికన్నా పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి 40 ఎఫ్‌పీఎస్ మోడ్. 120ని మూడుతో భాగిస్తే 40 కాబట్టి నిలకడగా కుదురుతుంది, ఫ్రేము సమయం 25 మిల్లీసెకండ్లు, అంటే 30కీ 60కీ సరిగ్గా నడిమధ్యన. 'రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్'కు 2021లో ఈ మోడ్ ఇచ్చారు, బొమ్మ నాణ్యత పోకుండానే చేతికి తేలికగా ఉంటుంది. రెండోది వీఆర్ఆర్. ఆట ఎప్పుడు ఫ్రేము ఇస్తే టీవీ అప్పుడే చూపిస్తుంది, ఆ 45 లాంటి కుదుపులు చాలావరకు పోతాయి. పీఎస్5లో ఇది 2022 ఏప్రిల్ నుంచి ఉంది, 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది.

ఈ రెండూ బాగున్నాయి, కానీ పనిచేస్తున్న టీవీని పక్కన పెట్టేంత కాదు. ఆ డబ్బుతో ఆటలు కొనుక్కోండి. ఆన్‌లైన్‌లో ఆడతారనుకుంటే రౌటర్ నుంచి కన్సోల్‌కు కేబుల్ లాగించండి, పింగ్ (నెట్‌లో అయ్యే ఆలస్యం) ఎగిరి దూకుతుంటే 60 ఉన్నా 120 ఉన్నా ముందు చచ్చేది మీరే. ఇంకో సంగతి, కన్సోల్‌ను టీవీ కింద తలుపులున్న అరలో పెట్టొద్దు. పీఎస్5కి సోనీ చెప్పిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో మిర్యాలగూడ మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? సాయంత్రాలు ఆడండి, వెనక గాలి ఆడేలా జాగా వదలండి.

ఎప్పుడైనా టీవీ పోయి కొత్తది కొనాల్సి వస్తే అప్పుడు 120 చూడండి. డబ్బా మీద 'మోషన్ రేట్ 120', '240' అని రాసి ఉంటే నమ్మొద్దు, ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేట్ ఎంతో అడగండి. 4కేలో 120 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు కావాలి, చాలా టీవీల్లో అది ఒకటో రెండో పోర్టులకే ఉంటుంది. కేబుల్ విడిగా అంటగట్టబోతే వద్దనండి, పీఎస్5 డబ్బాలోనే సరైనది వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 120 టీవీ సరిగ్గా నడవదని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఓఎల్ఈడీ (ఒక్కో పిక్సెల్ తనంతట తనే వెలిగే తెర) మీద మోజుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: దాని పిక్సెళ్లు చాలా వేగంగా మారతాయి కాబట్టి 30 ఎఫ్‌పీఎస్ ఆటల్లో కెమెరా తిప్పితే బొమ్మ టకటకా దూకినట్టు ఇంకా బాగా కనిపిస్తుంది. షోరూమ్‌లో వేసే పువ్వుల వీడియో, చేపల వీడియో చూసి ఏదీ తేల్చుకోవద్దు. పీఎస్5ను సంచిలో పెట్టుకుని వెళ్లి, ఒక్క మ్యాచ్ ఆడి చూస్తానని అడగండి. కొనేవాళ్లమని తెలిస్తే మా దగ్గర ఒప్పుకున్నారు, మీ దగ్గరా ఒప్పుకుంటారు.