సమాధానం: గ్రూపులో హోంవర్క్ కనిపించడం లేదంటే

మేడమ్, బెంగళూరు మారతహళ్లిలో మీ ఆదివారం తెలుగు క్లాసు వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ అంతా గుడ్ మార్నింగ్ పూల కింద పడిపోతోందన్నారు కదా. వైట్‌ఫీల్డ్‌లో నా క్లాసు గ్రూపుదీ అదే గోల. గ్రూప్ సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు పంపే వీలు అడ్మిన్లకే ఉంచండి. మొదటి వారం ఒకరిద్దరు తల్లిదండ్రులు అలుగుతారు, పట్టించుకోకండి.

దిద్దే పని తగ్గాలంటే ఆన్‌లైన్ ప్రశ్నపత్రాలు తయారుచేసే గూగుల్ ఫామ్స్‌లో క్విజ్ ఆన్ చేసి, సరైన జవాబులు గుర్తుపెట్టి, ఒక్కో ప్రశ్నకు ఎన్ని మార్కులో ఇవ్వండి. మార్కులు అదే వేస్తుంది. అయితే ల, ళ తేడా లాంటివి ఆప్షన్లు ఇచ్చే అడగండి. టైప్ చేయమంటే చివర చుక్క పెట్టినా తప్పంటుంది, పిల్లలు ఏడుస్తారు! చదివిన పాఠం మాత్రం అమ్మానాన్నల ఫోన్ నుంచి మీ నంబరుకే వాయిస్ మెసేజ్‌గా పంపమనండి. గ్రూపులో అయితే సిగ్గుపడతారు.